వెదురు విల్లు నుంచి కాంపౌండ్ విల్లు దాకా: మన వాటం మారిన చరిత్ర



మన పండుగల్లో, ర్యాలీల్లో, సంఘం బ్యానర్ల మీద ఎక్కడ చూసినా విల్లంబు కనిపిస్తుంది. కొమురం భీం బొమ్మ గీసినా, మన్యం వీరుల బొమ్మ గీసినా పక్కన విల్లు ఉండాల్సిందే. వేదిక ఎక్కిన పెద్దలు, అధికారులు కూడా ఒకే మాట చెబుతారు: "విలువిద్య ఆదివాసీల రక్తంలోనే ఉంది." వినడానికి బాగుంటుంది, చప్పట్లు కొడతాం. కానీ ఆ మాటను నమ్మి ఊరుకుంటే మనకే నష్టం. రక్తంలోనే ఉంటే నేర్పేవాళ్లతో పనేముంది? మైదానంతో, మంచి విల్లుతో, శిక్షకుడితో పనేముంది? పొగడ్త ఇచ్చి చేతులు దులుపుకోవడానికి అది చాలా సులువైన మాట.

మన తాతలు బాణం వేయడం పుట్టుకతో రాలేదు. వాళ్లు నేర్చుకున్నారు. ఒకరు నేర్పితే ఇంకొకరు నేర్చుకున్నారు. ఆ నేర్పే పద్ధతి ఎక్కడ తెగిపోయిందో, మళ్లీ ఎలా మొదలైందో, ఇప్పుడు కాంపౌండ్ విల్లు దగ్గర మనం ఏం నేర్చుకోవాలో ఈ వ్యాసంలో చెప్పుకుందాం. బాణం వేసేటప్పుడు నిలబడటం, పట్టు, లాగడం, వదలడం అన్నీ కలిపి క్రీడాకారులు 'షూటింగ్ ఫారమ్' అంటారు. మన మాటలో దాన్ని వాటం అనుకుందాం.

అడవి నేర్పిన వాటం

నల్లమల చెంచుల జీవితాన్ని గురించి ఫ్యూరర్ హైమండార్ఫ్ 1943లో ఒక పుస్తకం ప్రచురించారు. గోదావరి కొండల్లోని కొండరెడ్ల గురించి 1945లో మరొకటి రాశారు. చెంచుల దగ్గర విల్లంబు, గొడ్డలి, తవ్వుకోల ఇవే ముఖ్యమైన సామగ్రి. మన్యంలో ఇటుకల పండుగైనా, కోయల విత్తనాల పండుగైనా ఒకప్పుడు మగవాళ్లు విల్లంబులు పట్టుకుని అడవికి వెళ్లడంతో ముడిపడి ఉండేవి. ఉత్త చేతులతో తిరిగొచ్చినవాడిని ఊళ్లో ఆడవాళ్లు ఎలా ఆట పట్టించేవాళ్లో ముసలివాళ్లను అడిగితే ఇప్పటికీ నవ్వుతూ చెబుతారు.

ఆ విల్లు వెదురుది. ముదురు వెదురును చీల్చి, చెక్కి, నిప్పు సెగకు కాచి తయారు చేసేవారు. చాలాచోట్ల అల్లెత్రాడు కూడా వెదురు బద్దతోనే. బాణం వెనక పక్షి ఈకలు, ముందు ఇనుప ములికి. ఇంత సాదా విల్లుతో వేట దొరికిందంటే కారణం విల్లు బలం ఒక్కటే కాదు. మనవాళ్లు జంతువుకు చాలా దగ్గరగా వెళ్లగలిగేవాళ్లు. గాలి ఏ వైపు వీస్తోందో, ఎండుటాకు ఎక్కడ ఉందో, నీటి దగ్గరకు ఏ జంతువు ఎప్పుడు వస్తుందో వాళ్లకు తెలుసు. దగ్గరి దూరం నుంచి, కదిలే గురి మీద, చెట్ల సందులో వంగి గానీ మోకాలి మీద గానీ వేయాలి. లాగిన వెంటనే వదలాలి.

ఎందుకు వెంటనే? వెదురు విల్లును ఎంత వెనక్కి లాగితే బరువు అంత పెరుగుతుంది. పూర్తిగా లాగినప్పుడు చేతి మీద పడే భారమే అన్నిటికంటే ఎక్కువ. ఆ బరువును పట్టుకుని నిలబడి నింపాదిగా గురి చూడటం కుదరదు. అందుకే అడవి వాటం వేగంగా ఉంటుంది. కన్ను గురి మీద ఉంటుంది, చెయ్యి దాని వెంట పోతుంది.

ఇదంతా పిల్లలు ఎలా నేర్చుకునేవాళ్లు? చిన్న వెదురు విల్లుతో ఆడుకుంటూ మొదలుపెట్టేవాళ్లు. తొండల మీద, పండ్ల మీద, మట్టిగడ్డల మీద గురి. కాస్త పెద్దయ్యాక మామ వెంటో, అన్న వెంటో అడవికి. తప్పు చేస్తే అక్కడికక్కడే దిద్దేవాళ్లు. ఏళ్ల తరబడి సాగిన చదువది. బడి గోడలు లేవు గనుక దాన్ని బయటివాళ్లు చదువుగా గుర్తించలేదు, "పుట్టుకతో వచ్చింది" అన్నారు.

బొటనవేలి కథ

విలువిద్యలో నేర్పేవాడి మాట వస్తే ఏకలవ్యుడిని తలచుకోకుండా ఉండలేం. మహాభారతం ఆదిపర్వంలో అతను నిషాద రాజు హిరణ్యధన్వుడి కొడుకు. ద్రోణుడు నేర్పనన్నాడు. మట్టితో గురువు బొమ్మ చేసుకుని తనే సాధన చేశాడు. చివరికి గురుదక్షిణగా కుడిచేతి బొటనవేలు కోసి ఇచ్చాడు. ఆ తర్వాత మిగతా వేళ్లతో బాణం వేశాడు గానీ మునుపటి వేగం రాలేదని ఆ కథే చెబుతుంది.

ఈ కథను మనం ఎక్కువగా అన్యాయం గురించి చెప్పుకుంటాం. అది నిజమే. కానీ విలుకాడి కంటితో చూస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. బొటనవేలు పోవడమంటే అతని వాటం పోవడం. నారిని వదిలే పద్ధతే పోయింది. ఏళ్ల సాధనతో చేతికి పట్టుబడిన పని ఒక్క దెబ్బతో పోయింది. మిగిలిన వేళ్లతో మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవలసి వచ్చింది.

ప్రపంచంలో వేర్వేరు జాతుల వాళ్లు నారిని ఎలా పట్టి వదులుతారో ఎడ్వర్డ్ మోర్స్ అనే అమెరికా పండితుడు 1885లో వివరంగా రాశాడు. బొటనవేలు, చూపుడువేలు మధ్య బాణం తోకను చిటికెలా పట్టుకుని లాగడం అన్నిటికంటే సాదా పద్ధతి. మంగోలులు బొటనవేలిని నారి చుట్టూ వంచి లాగుతారు. యూరప్ పద్ధతిలో మూడు వేళ్లతో లాగుతారు, బొటనవేలు నారిని తాకదు. ఈనాటి ఒలింపిక్ రికర్వ్ విలుకాళ్లందరిదీ ఈ మూడు వేళ్ల పద్ధతే.

కాంపౌండ్ విల్లు దగ్గరకు వస్తే నారిని వేళ్లతో అసలు పట్టుకోరు. నారికి కట్టిన చిన్న ఉచ్చుకు రిలీజ్ అనే పరికరాన్ని తగిలించి లాగుతారు. పోటీల్లో చాలామంది వాడే రిలీజ్ మీట బొటనవేలి దగ్గరే ఉంటుంది. ఏకలవ్యుడి దగ్గర తీసుకున్న వేలికి ఈ కొత్త విల్లు మళ్లీ పని ఇచ్చింది. ఆ వేలిని ఎలా వాడాలో మాత్రం ఈసారి కూడా నేర్చుకోవలసిందే.

చేతిలోంచి విల్లు జారిన కాలం

మన ఊళ్లలో ఈ విద్య ఎలా తగ్గిపోయింది? కుర్రాళ్లకు ఆసక్తి లేకనా? చరిత్ర వేరే కారణాలు చూపిస్తుంది.

1878లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయుధాల చట్టం తెచ్చింది. అందులో ఆయుధం అంటే ఏమిటో చెప్పే చోట తుపాకులు, కత్తులు, ఈటెలతో పాటు విల్లంబులనూ చేర్చింది. అన్నం తెచ్చే పనిముట్టు కాగితం మీద ఆయుధమైంది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు మీద, అడవిలోకి రాకపోకల మీద, వేట మీద ఆంక్షలు పెరిగాయి. అడవి రిజర్వు అయ్యాక అడవిలో నేర్చుకునే చదువు కూడా ఆంక్షల కిందికి పోయింది.

రంప పితూరీ ఈ బాధల్లోంచే వచ్చింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర, వాళ్లతో నడిచిన మన్యం వీరులు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేశారు. తర్వాత రెండు రోజుల్లో కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లు. దొరికిన తుపాకులు, తూటాలు తీసుకెళ్లారు. బాణానికి మిరపకాయలు, ఉత్తరం కట్టి ముందుగానే కబురు పంపేవారని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. విల్లులో ఆరితేరినవాళ్లు తుపాకుల కోసం స్టేషన్ల మీదకు వెళ్లారు. ఎందుకంటే విల్లు ఏం చేయగలదో, ఏం చేయలేదో వాళ్లకు బాగా తెలుసు. విల్లు మీద గౌరవం ఉంది, గుడ్డి నమ్మకం లేదు. 1940లో జోడేఘాట్ దగ్గర కొమురం భీం, ఆయన అనుచరులు నిజాం బలగాల తుపాకులకు ఎదురు నిలిచి ప్రాణాలు ఇచ్చారు. జల్, జంగల్, జమీన్ కోసం సాగిన ఆ పోరాటం ఈ రోజుకీ మనకు దారి చూపుతోంది.

స్వాతంత్ర్యం వచ్చాక 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. వేట నేరమైంది. అడవి జంతువులు మిగలాలంటే ఆ చట్టం అవసరమే. మళ్లీ వేటకు వెళ్దామని ఎవరూ అనకూడదు. కానీ దాంతో జరిగిన ఒక మార్పును మాత్రం గుర్తించాలి. వేట ఆగిపోయాక బాణం వేయడం నేర్పే సందర్భమే ఊళ్లో లేకుండా పోయింది. మామ వెంట అడవికి వెళ్లే పిల్లవాడు లేడు. తప్పు దిద్దే మామ లేడు. ఒకటి రెండు తరాల్లో విల్లు ఇంటి చూరులోంచి బ్యానర్ మీదికి చేరింది.

మళ్లీ నేర్చుకున్నవాళ్లు

చిత్రం ఏమిటంటే, ఆ 1972లోనే మ్యూనిక్ ఒలింపిక్స్‌లో విలువిద్య మళ్లీ పోటీగా చేరింది. మరుసటి ఏడాది 1973లో భారత విలువిద్య సంఘం ఏర్పడింది. 1980ల్లో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా స్పెషల్ ఏరియా గేమ్స్ పథకం కింద ఆదివాసీ ప్రాంతాల్లో ప్రతిభ ఉన్న పిల్లల కోసం వెతికింది. అలా 1987లో రాజస్థాన్ ఉదయ్‌పూర్ జిల్లా ఆదివాసీ కుటుంబంలో పుట్టిన లింబారామ్ ఎంపికయ్యాడు.

చిన్నప్పుడు అతను పట్టింది వెదురు విల్లే. శిక్షణలో చేతికి ఇచ్చింది వేరే విల్లు, వేరే బాణాలు, వేరే నిలబడే పద్ధతి. గురి చూసే సైటు ఉంటుంది, దూరం కొలిచి ఉంటుంది, గురి కదలదు. అడవిలో పనికొచ్చిన తొందర ఇక్కడ పనికిరాదు. అడవి ఇచ్చిన చూపు, ఓపిక, చేతి బలం మాత్రం పనికొస్తాయి. ఏడాది తిరిగేసరికి 1988 సియోల్ ఒలింపిక్స్‌లో భారత్ తరఫున ఆడాడు. ఆ తర్వాత బార్సిలోనా, అట్లాంటా కూడా. 1992లో బీజింగ్‌లో జరిగిన ఆసియా పోటీల్లో 30 మీటర్ల విభాగంలో 360కి 358 సాధించి అప్పటి ప్రపంచ రికార్డును అందుకున్నాడు. 1991లో అర్జున అవార్డు, 2012లో పద్మశ్రీ వచ్చాయి.

లింబారామ్ కథను చాలామంది "రక్తంలోని విద్య"కు సాక్ష్యంగా చెబుతారు. నాకు అది సరిగ్గా వ్యతిరేకంగా కనిపిస్తుంది. అతని ఊళ్లోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ విల్లు పట్టినవాళ్లు ఇంకా ఎందరో ఉండి ఉంటారు. ప్రపంచ రికార్డు దాకా వెళ్లింది వెతికి తీసుకెళ్లి, తిండి పెట్టి, విల్లు ఇచ్చి, రోజూ నేర్పిన కుర్రాడు. ప్రతిభ ఊరిది, శిక్షణ బయటి నుంచి వచ్చింది. రెండూ కలిస్తేనే ఆ 358.

కాంపౌండ్ విల్లు ఎలా పుట్టింది?

ఇక మన కుర్రాళ్లు ఎక్కువగా అడిగే కాంపౌండ్ విల్లు సంగతి. చక్రాలు, తీగలు, లెన్సు ఉన్న ఆ విల్లును చూసి "ఇది యంత్రం, మన విల్లు కాదు" అనే పెద్దలు ఉన్నారు. కానీ అది పుట్టింది కూడా వేట కోసమే. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో హాలిస్ విల్బర్ ఆలెన్ అనే అతను విల్లుతో వేటాడేవాడు. బాణం ఇంకా వేగంగా పోవాలని రకరకాలుగా ప్రయత్నించి విల్లు కొనలకు గుండ్రని చక్రాలు బిగించాడు. 1966లో పేటెంట్‌కు దరఖాస్తు చేస్తే 1969 డిసెంబరులో మంజూరైంది.

ఆ చక్రాల ఇరుసు సరిగ్గా మధ్యలో ఉండదు, పక్కకు ఉంటుంది. దానివల్ల లాగడం మొదలుపెట్టినప్పుడు బరువు పెరుగుతుంది, ఒక దశ దాటాక ఒక్కసారిగా తగ్గిపోతుంది. ఉదాహరణకు 50 పౌండ్ల విల్లుకు 80 శాతం తగ్గింపు ఉంటే, పూర్తిగా లాగాక చేతిలో ఉండేది 10 పౌండ్ల బరువే. అంటే సుమారు నాలుగున్నర కిలోలు. వెదురు విల్లు పూర్తిగా లాగాక అన్నిటికంటే బరువుగా ఉంటుందని పైన చెప్పుకున్నాం. కాంపౌండ్ దీనికి పూర్తిగా తిరగేసిన లెక్క. అందుకే నిలబడి, ఊపిరి కుదుట పరచుకుని, నింపాదిగా గురి చూడవచ్చు.

1995లో జకార్తా ప్రపంచ పోటీల్లో కాంపౌండ్ విభాగం చేరింది. 2014 ఇంచియాన్‌లో ఆసియా క్రీడల్లోకి వచ్చింది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ టీమ్ పోటీ మొదటిసారి జరగబోతోంది. పోటీలో దూరం 50 మీటర్లు. గురి వెడల్పు 80 సెంటీమీటర్లు. 10 పాయింట్ల వలయం వెడల్పు 8 సెంటీమీటర్లు, అంటే మన అరచేతి వెడల్పంత. మ్యాచ్‌లో 15 బాణాలు, మొత్తం 150 పాయింట్లు. విల్లు బలం 60 పౌండ్లు దాటకూడదు.

బలం తగ్గినచోట వాటం ముఖ్యం

బరువు తగ్గింది గనుక పని తేలికైందని అనుకోవద్దు. ఒక లెక్క వేసి చూడండి. 70 సెంటీమీటర్ల బాణం తోక వదిలేటప్పుడు అర మిల్లీమీటరు పక్కకు జరిగిందనుకోండి. 50 మీటర్ల దగ్గరికి వెళ్లేసరికి ఆ తేడా మూడున్నర సెంటీమీటర్లు దాటుతుంది. 10 వలయం మధ్య నుంచి అంచు దాకా ఉండేదే 4 సెంటీమీటర్లు. అర మిల్లీమీటరు అంటే గోటి మందం. కాబట్టి కాంపౌండ్ విలువిద్య అంటే బలంగా వేయడం కాదు, ప్రతిసారీ ఒకేలా వేయడం. వాటం మెరుగుపరచుకోవాలంటే ఈ కింది సంగతుల మీద దృష్టి పెట్టాలి.

ముందుగా లాగే పొడవు. కాంపౌండ్ విల్లు ఒక కొలత దగ్గర ఆగిపోతుంది. ఆ కొలత మన చేతుల పొడవుకు సరిపోవాలి. అన్న విల్లు తమ్ముడికి, శిబిరంలో మిగిలిన విల్లు కొత్తగా వచ్చిన చెల్లెలికి ఇచ్చేస్తే చాలాసార్లు పొడవు ఎక్కువవుతుంది. అప్పుడు నడుము వెనక్కి వంగుతుంది, తల వెనక్కి పోతుంది, విల్లు పట్టిన మోచెయ్యి బిగుసుకుని నారి వచ్చి చేతికి తగులుతుంది. కుర్రాడు తన తప్పనుకుంటాడు. తప్పు కొలతది. శిక్షకుడిని అడిగి కొలత మార్పించుకోవాలి.

రెండు, నిలబడటం. పాదాలు భుజాల వెడల్పున, బరువు రెండు కాళ్ల మీద సమంగా. నడుము నిటారుగా. భుజాలు పైకి లేవకుండా కిందికి ఉండాలి. పొలం గట్టు మీద నెత్తిన బరువుతో నడిచే మన తల్లులను గమనించండి. మెడ, వెన్ను ఒకే గీతలో ఉంటాయి. ఆ గీతే కావాలి.

మూడు, పట్టు. విల్లును పిడికిలితో బిగించి పట్టుకోకూడదు. గొడ్డలి పట్టు ఇక్కడ పనికిరాదు. బొటనవేలి మొదట్లో ఉన్న మెత్తని కండ మీద విల్లు ఆనాలి, వేళ్లు వదులుగా ఉండాలి. బిగించి పట్టుకుంటే వదిలేటప్పుడు విల్లు మెలి తిరుగుతుంది. చెయ్యి వదులుగా ఉంటే విల్లు పడిపోతుందనే భయం ఉంటే మణికట్టుకు స్లింగ్ కట్టుకోవాలి.

నాలుగు, ఆనింపు. పూర్తిగా లాగాక చెయ్యి దవడ ఎముక కింద ప్రతిసారీ ఒకే చోట ఆనాలి. నారి ముక్కు కొసకు తాకాలి. నారిలో ఉండే చిన్న రంధ్రం పీప్ లోంచి చూస్తే ముందున్న స్కోప్ వలయం అందులో సరిగ్గా ఇమడాలి. స్కోప్‌లో ఉండే నీటి బుడగ మధ్యలో ఉండాలి, మేస్త్రీల రసమట్టంలాగా. తల నారి దగ్గరికి పోకూడదు, నారి తల దగ్గరికి రావాలి.

ఐదు, వదలడం. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. గురి మీద చుక్క ఆగగానే మీటను టక్కున నొక్కుతారు. నొక్కినప్పుడు చెయ్యి అదురుతుంది. స్కోప్‌లో చుక్క ఎవరికీ పూర్తిగా ఆగదు, మెల్లగా తేలుతూనే ఉంటుంది. దాన్ని తేలనివ్వాలి. కన్ను గురి మీదే ఉంచి, వీపు కండరాలతో మెల్లగా లాగుతూ పోతే రిలీజ్ దానంతటదే విడుస్తుంది. ఎప్పుడు విడిచిందో మనకే కాస్త ఆశ్చర్యంగా ఉండాలి. తొందరపడి నొక్కే అలవాటు ముదిరితే చుక్క గురి మీదికి రాకముందే వేలు కదులుతుంది. దాన్ని టార్గెట్ పానిక్ అంటారు, పెద్ద క్రీడాకారులను కూడా అది ఇబ్బంది పెడుతుంది. మందు ఒకటే. గురి కాగితం తీసేసి, నాలుగైదు అడుగుల దూరంలో గడ్డి మోపు లాంటి ఖాళీ అడ్డు మీద రోజూ బాణాలు వేయాలి. పాయింట్ల ఆలోచన లేనప్పుడు శరీరం వాటాన్ని నేర్చుకుంటుంది.

ఆరు, వదిలాక కదలకపోవడం. బాణం గురికి తగిలిన చప్పుడు వినేదాకా విల్లు చెయ్యి దించకూడదు. బాణం ఎక్కడ పడిందో చూడాలని తల తిప్పేవాళ్లకు బాణం ఎప్పుడూ పక్కనే పడుతుంది.

భద్రత మాట కూడా చెప్పాలి. బాణం లేకుండా కాంపౌండ్ విల్లు లాగి వదిలేయకూడదు. ఆ శక్తి అంతా విల్లులోనే ఉండిపోయి తీగలు తెగుతాయి, రెక్కలు పగులుతాయి, మొహానికి దెబ్బ తగులుతుంది. విల్లును ఆకాశంవైపు ఎత్తి లాగకూడదు. ఎత్తకుండా లాగలేకపోతే ఆ విల్లు మీకు బరువు ఎక్కువని అర్థం. బరువు తగ్గించుకోవడంలో సిగ్గు లేదు.

తెలుగు నేల నుంచి

ఈ వాటాన్ని పట్టుకున్నవాళ్లు మనకు దూరంగా ఏమీ లేరు. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో కాంపౌండ్ పురుషుల జట్టు రజతం గెలిచింది. అందులో ఆంధ్రకు చెందిన చిట్టిబొమ్మ జిజ్ఞాస్ ఉన్నాడు. అదే క్రీడల్లో కాంస్యం గెలిచిన మహిళల జట్టులో జార్ఖండ్‌కు చెందిన ఝానో హన్స్‌దా ఆడింది.

విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ 2014 ఇంచియాన్‌లో కాంస్యం గెలిచిన జట్టులో ఉంది. 2023లో బెర్లిన్ ప్రపంచ పోటీల్లో ఆమె, అదితి స్వామి, పర్నీత్ కౌర్ కలిసి భారత విలువిద్యకు మొట్టమొదటి ప్రపంచ స్వర్ణం తెచ్చారు. అదే ఏడాది హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఆమె వ్యక్తిగతం, జట్టు, మిక్స్‌డ్ మూడింటిలోనూ స్వర్ణాలు గెలిచింది. వ్యక్తిగత ఫైనల్‌లో స్కోరు 149. అంటే 15 బాణాల్లో 14 పదులు, ఒక్క తొమ్మిది. 2014లో కాంస్యం, 2023లో మూడు స్వర్ణాలు. మధ్యలో ఉన్నది తొమ్మిదేళ్ల సాధన.

ఇంకో అమ్మాయిని మీరంతా తెలుసుకోవాలి. జమ్మూ కశ్మీర్‌లోని కిష్త్వార్ జిల్లాకు చెందిన శీతల్ దేవి. పుట్టుకతో రెండు చేతులూ లేవు. కుర్చీలో కూర్చుని కుడి పాదంతో కాంపౌండ్ విల్లు పట్టి, భుజానికి అమర్చిన పరికరంతో నారి లాగి బాణం వేస్తుంది. 2023 ఆసియా పారా క్రీడల్లో రెండు స్వర్ణాలు, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో రాకేష్ కుమార్‌తో కలిసి కాంస్యం. పుస్తకంలో రాసిన నిలబడే పద్ధతి, పట్టు ఏదీ ఆమెకు సరిపోదు. అయినా ఆమె వాటం తప్పదు. ఎందుకంటే ఆమె శరీరానికి ఏది సరిపోతుందో శిక్షకులు వెతికి నేర్పారు, ఆమె దాన్నే వేలసార్లు చేసింది. వాటానికి ఒకే రూపం ఉండాలని లేదు. ప్రతిసారీ ఒకేలా ఉంటే చాలు.

ఇప్పుడు మనం చేయాల్సింది

పోటీకి సరిపడే కాంపౌండ్ సామగ్రి కొనాలంటే లక్షల రూపాయలు అవుతుంది. మన ఊళ్లలో ఏ ఇల్లూ ఒంటరిగా భరించలేదు. ఇది నిజం, దాచుకోనక్కర్లేదు. అందుకే మొదటి రోజే కాంపౌండ్ కావాలని పట్టుబట్టొద్దు. మన దేశంలో జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అనే విభాగం ఉంది. వెదురు, చెక్క విల్లులతో ఆడేది. తక్కువ ఖర్చుతో మొదలుపెట్టి నిలబడటం, ఆనింపు, వదలడం నేర్చుకోవడానికి అది మంచి దారి. అక్కడ వాటం కుదిరినవాళ్లకు ఆ తర్వాత రికర్వ్, కాంపౌండ్ తేలికవుతాయి.

గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు మీ వ్యాయామ ఉపాధ్యాయుడిని అడగండి. ఐటీడీఏకు అర్జీ పెట్టేటప్పుడు "విల్లు ఇప్పించండి" అని మాత్రమే రాయకండి. "శిక్షకుడిని ఇవ్వండి, సురక్షితమైన మైదానం ఇవ్వండి, మా కొలతలకు సరిపోయే విల్లు ఇవ్వండి" అని రాయండి. విల్లు వచ్చి శిక్షకుడు రాకపోతే ఆ విల్లు స్టోర్ రూమ్‌లో దుమ్ము పడుతుంది. సంఘాలు కూడా పండుగ రోజు ఫోటో కోసం విల్లు పట్టించడంతో ఆగిపోకుండా, ఏడాదిలో కొన్ని నెలలైనా వారానికి రెండు రోజులు సాధన నడిపితే బాగుంటుంది.

ఊళ్లో ఇంకా వెదురు విల్లు చేయగల ముసలివాళ్లు ఉంటే వాళ్ల దగ్గర కూర్చోండి. ఏ వెదురు ఎంచుకుంటారు, ఎన్నాళ్లు ఆరబెడతారు, ఈక ఎలా కడతారు అన్నీ రాసుకోండి, ఫోన్‌లో రికార్డు చేయండి. వాళ్ల పేర్లతో సహా భద్రపరచండి. మన విలువిద్య చరిత్రలో బయటివాళ్లు రాసిన పుస్తకాలు ఉన్నాయి గానీ, మనం రాసినవి తక్కువ.

ఈసారి ఎవరైనా వేదిక మీద "మీ రక్తంలోనే ఉంది" అంటే మర్యాదగా వినండి. తర్వాత లేచి నిలబడి, "అయ్యా, మా తాతలు నేర్చుకున్నారు, మేమూ నేర్చుకుంటాం. నేర్పేవాళ్లను పంపండి" అని అడగండి. ఏకలవ్యుడికి దొరకనిది అదే. మన పిల్లలకు దొరకాల్సింది కూడా అదే.

జోహార్ అమరవీరులకు. జోహార్ మన పెద్దలకు.